జబ్బేదో, పొగరేదో

మొన్న ఆదివారం గుత్తివంకాయ కూర చాలా రోజుల తరువాత నేననుకున్నట్టుగా కుదిరింది. కాయ చెదరకుండా, మసాలా లోపలిదాకా పట్టి, నూనె పైకి తేలి, మూత తీయగానే ఆ వాసన ఇల్లంతా నిండేసరికి, నాకే తెలియకుండా ఏదో పాత పాట కూనిరాగం తీస్తూ గరిటెతో గిన్నె అంచు మీద చిన్నగా తాళం వేశాను. అంతే. హాలులో పేపరు చదువుకుంటున్న మా వారు పేపరు కిందికి దించి, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి నా వైపు చూశారు. ఆ చూపు నాకు పాతికేళ్ళకు పైగా పరిచయం. దాని వెనకాల రాబోయే ప్రశ్న కూడా పరిచయమే.

"రాత్రి నిద్ర పట్టిందా?" అన్నారు, ఉల్లిపాయల ధర అడిగినంత మామూలుగా.

పట్టింది మహానుభావా, హాయిగా పట్టింది, మాత్ర వేసుకున్నాను, నీళ్ళు తాగాను, కూర కుదిరింది కాబట్టి పాడాను, ఇంతకుమించి ఇందులో తవ్వి తీయాల్సిందేమీ లేదు అని గట్టిగా అరవాలనిపించింది. కానీ అరిస్తే అదొక లక్షణం. అరవకుండా మూతి ముడుచుకుని కూర్చుంటే అది ఇంకొక లక్షణం. నవ్వి ఊరుకుంటే, ఎందుకు నవ్విందో అని సాయంత్రం మా అమ్మాయికి ఫోను వెళుతుంది. నాకున్న జబ్బును ఇప్పుడు బైపోలార్ అంటున్నారు. మనసు కొన్నాళ్ళు పట్టపగ్గాలు లేకుండా పైకి లేచిపోయి, మరికొన్నాళ్ళు పాతాళంలోకి కూలిపోయే జబ్బు. మందులతో అది ఏళ్ళ తరబడి అదుపులోనే ఉంది. దానితో బతకడం నాకు అలవాటైంది కానీ, నాకు కాస్త సంతోషం కలిగితే ఇంటిల్లిపాదికీ భయం పుట్టే ఈ పద్ధతితో బతకడం మాత్రం ఇవాళ్టికీ అలవాటు కాలేదు. నా ఈడువాళ్ళలో ఎవరికైనా ఇటువంటి ఇల్లు తెలిసి ఉంటే, నేను దేని గురించి విసుక్కుంటున్నానో వారికి విడమరిచి చెప్పనక్కరలేదు.

నేను పుట్టి పెరిగింది సీతాఫల్‌మండిలో. మా నాన్నకు పిండిగిర్ని ఉండేది. బడి నుంచి వచ్చాక గిర్ని గడప మీద కూర్చుని, జుట్టంతా గోధుమపిండి పడి తెల్లబడిపోతున్నా పట్టించుకోకుండా చదువుకునేదాన్ని. డిగ్రీ కాగానే టైపు పరీక్షలు రెండూ ప్యాసై ఒక సర్కారు కార్యాలయంలో టైపిస్టుగా చేరాను. ఆ రోజుల్లోనే మా మేడ మీది గదిలోకి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒక రైల్వే గుమాస్తా అద్దెకు దిగాడు. నెమ్మదైన మనిషి, నీళ్ళ బిందె మోసుకుంటూ మెట్లెక్కేటప్పుడు కూడా చప్పుడు కానివ్వడు. మా నాన్నకు ఆ నెమ్మదితనం నచ్చింది. ఆ నెమ్మదితనమే తరువాత నన్ను ఎంత విసిగించబోతోందో అప్పుడు ఎవరికి తెలుసు? పెళ్ళయ్యాక మెట్టుగూడలో రైల్వే క్వార్టరు వచ్చింది. ఏడాది తిరక్కముందే మా మామగారు పోవడంతో, ఊళ్ళో ఒంటరిగా ఉండలేక మా అత్తగారు ఒక ట్రంకు పెట్టె, ఒక చిన్న రోలు తీసుకుని మా ఇంటికి వచ్చేసింది. ఆమె 'ఏటి' అంటే నేను 'ఏంది' అనేదాన్ని. ఆమె చింతపండు ఎక్కువ వేస్తే నేను కారం ఎక్కువ వేసేదాన్ని. రోజుకొక పోట్లాట లేకుండా మాకు పొద్దు గూకేది కాదు. పోట్లాట అయిపోయాక ఇద్దరం ఒకే పళ్ళెంలో మరమరాలు తినేవాళ్ళం.

ఆ జబ్బు మొదటిసారి వచ్చినప్పుడు మా అమ్మాయి ఇంకా ఒకటో తరగతి. అది జబ్బని ఎవరికీ తెలియలేదు. ఎందుకు తెలియలేదంటే, ఆ రోజుల్లో మెట్టుగూడ మొత్తంలో నా అంత మంచి మనిషి, నా అంత చురుకైన మనిషి మరొకరు లేరు. తెల్లవారకముందే లేచి ఇల్లంతా కడిగేదాన్ని, ఆఫీసులో నా పని ముగించి పక్కవాళ్ళ పని లాక్కుని టైపు చేసేదాన్ని, నా మిషను చప్పుడు ఆగడం లేదని మా అధికారి స్వయంగా వచ్చి, అందరూ ఈమెను చూసి నేర్చుకోండి అని చెప్పి వెళ్ళాడు. తల లోపల ఎవరో దీపాలన్నీ ఒక్కసారిగా వెలిగించినట్టుండేది. ఒక ఆలోచన పూర్తి కాకముందే దాని భుజాల మీదికి మరొకటి ఎక్కేది. నిద్ర రావడం లేదని తెలుసు, కానీ దానికి బెంగ లేదు. ఇన్నేళ్ళు అనవసరంగా నిద్రపోయానే అని జాలి మాత్రం ఉండేది.

ఒక ఆదివారం పొద్దున్నే, పచ్చడికి నాలుగు కిలోల టమాటాలు తెస్తానని బోయిన్‌పల్లి మార్కెట్‌కు వెళ్ళాను. అక్కడ బాక్సుల లెక్కన అమ్ముతారు. ఆ ఎర్రటి కుప్పలను చూడగానే, క్వార్టర్స్‌లో ఏ ఇంట్లోనూ ఈ ఏడాది పచ్చడి కొరత ఉండకూడదని నాకు గొప్ప సంకల్పం కలిగింది. తిరిగి వచ్చేటప్పుడు ట్రాలీ ఆటో నిండా టమాటాలు, వాటి మీద నేను. వీధి వీధంతా బయటికి వచ్చింది. ఆడవాళ్ళు కత్తిపీటలు తెచ్చుకున్నారు, పిల్లలు బాక్సులు మోశారు, నేను అందరికీ పనులు పురమాయిస్తూ, కథలు చెబుతూ, మధ్యమధ్యలో పాడుతూ తిరిగాను. ఏం హుషారమ్మా, ఈమె ఉంటే వాడకట్టుకే కళ అని అందరూ మెచ్చుకున్నారు. మా అత్తగారు ఒక్కతే గడప మీద కూర్చుని టమాటాలను కాక నన్ను చూస్తూ ఉంది.

"ఏటే, నువ్వు మొన్నట్నించి పడుకున్నావేటి?" అంది.

"నిద్రెందుకు అత్తమ్మా, టైమంత ఖరాబు" అన్నాను నేను నవ్వుతూ.

ఆ వారమే ఆ హుషారు కోపంలోకి తిరిగింది. మా అధికారి రాసిచ్చిన ఒక ఉత్తరంలో తప్పులు ఎర్రసిరాతో దిద్ది, ఆఫీసంతా వినేలా ఆయనకే పాఠం చెప్పి, ఆయన ఆపమంటే కుర్చీ ఎక్కి మరీ చెప్పాను. తప్పులు నిజంగానే ఉన్నాయి, ఆ మాట ఇప్పటికీ అంటాను. కానీ కుర్చీ ఎక్కాల్సిన అవసరం లేదు. తోటి ఉద్యోగినులు ఇద్దరు నన్ను ఆటోలో ఇంటికి తెచ్చి దింపారు. దారి పొడుగునా నేను మాట్లాడుతూనే ఉన్నానట. ఆ తరువాత కొద్ది రోజులకే దారం తెగిన గాలిపటంలా కూలిపోయాను. మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంటే దువ్వెన ఎత్తడానికి చెయ్యి రాదు, అన్నం ముద్ద గొంతు దిగదు, పిల్ల బడి నుంచి వచ్చి అమ్మా అని పిలిస్తే ఆ పిలుపు ఎక్కడో పక్కింట్లోంచి వినిపించినట్టుండేది. ఎండబెట్టిన టమాటా ముక్కలు వానకు తడిసి చాపల మీదే బూజు పట్టాయి. ఆ రోజు మెచ్చుకున్న ఆడవాళ్ళే, చేసేది చేసి ఇప్పుడు పడుకుందమ్మా, ఎంత నాటకం అన్నారని నాకు తరువాత తెలిసింది. లేచినందుకు చప్పట్లు కొట్టినవాళ్ళు పడినందుకు తిట్టడమేమిటో, రెండూ నేను చేసినవి కానప్పుడు!

ఇక మందులు చూడండి. మా అమ్మ సీతాఫల్‌మండి నుంచి వచ్చి నా ముఖం చూసి, గాలి సోకింది బిడ్డా అని ఏడ్చి దర్గా నుంచి తాయెత్తు తెచ్చి కట్టింది. మా అత్తగారు ఇది దిష్టేనని, ట్రాలీ ఆటో మీద అందరి కళ్ళూ పడ్డాయని తేల్చి గుమ్మానికి నిమ్మకాయలు, ఎండుమిరపకాయలు వేలాడదీసింది. ఆమె తాయెత్తును ఈమె నమ్మదు, ఈమె నిమ్మకాయలను ఆమె నమ్మదు. నా మంచం పక్కనే ఇద్దరూ చెరొక యాసలో వాదించుకుంటుంటే, నోరు తెరిచి మీరిద్దరూ బయటికి వెళ్ళండి అని చెప్పే ఓపిక కూడా లేక నేను గోడను చూస్తూ పడుకునేదాన్ని. మా అన్నయ్య వచ్చి ఎవరికీ చెప్పకండి, ఇజ్జత్ పోతుంది అన్నాడు. డాక్టరు మాట ఎత్తితే ఎర్రగడ్డ పిచ్చాసుపత్రి పేరు వస్తుందని మా వారికి భయం. మన చిన్నప్పుడు ఆ ఊరి పేరునే తిట్టుగా వాడేవాళ్ళం కదా, గుర్తుండే ఉంటుంది.

చివరికి ఆ ముడి విప్పింది మా అత్తగారే. ఒకరోజు నిమ్మకాయలు తెంపి పారేసి, "మొక్కినాం, కట్టినాం, దిగదుడిసినాం. ఏటీ తగ్గనేదు. ఇక డాక్టరు దగ్గరకే ఎల్దాం, పదరా" అని కొడుకును లేవదీసింది. రైల్వే ఆసుపత్రిలో చూసినవారు మానసిక వైద్యుడి దగ్గరికి పంపారు. ఆయన చాలా చిన్నవాడు, మీసాలు కూడా సరిగా రాలేదనిపించింది. అన్నీ ఓపికగా అడిగి, పైకి లేచిన రోజులూ కింద పడిన రోజులూ ఒకే జబ్బుకు రెండు ముఖాలని, ఇది జీవితాంతం ఉంటుందని, మందు వాడుతూ వేళకు నిద్రపోతే అదుపులో ఉంటుందని చెప్పాడు. షుగర్ లెక్కనే అనుకోండమ్మా అన్నాడు. మా వారు తల దించుకుని కూర్చున్నారు. మా అత్తగారు కుర్చీ ముందుకు జరుపుకుంది.

"ఇది మా కోడలు సేసుకున్నదేటి బాబూ?"

"కాదమ్మా."

"నా కొడుకు సేసిందా?"

"ఆయనేం చేయలేదమ్మా."

"పోనీ, నాను దానితో రోజూ గొడవెట్టుకుంటాను. దానివల్ల వొచ్చిందేటి?"

ఆయన నవ్వాడు. "గొడవలతోని రాదమ్మా ఇది."

"అయితే మరి ఏడుపెందుకు? మందులియ్యి" అంది మా అత్తగారు. మా ఇంట్లో ఆ జబ్బు గురించి ఎవరైనా సూటిగా మాట్లాడింది అదే మొదలు.

మందులు పని చేశాయి, కానీ ఆ మందులతో సంసారం అంత సులువేమీ కాదు. లిథియం అనే ఆ మాత్రతో ఎప్పుడూ దాహం, చేతుల్లో సన్నని వణుకు, ఒళ్ళు రావడం, ఆనక కొన్నాళ్ళకోసారి రక్తపరీక్ష. టైపిస్టుకు చేతులు వణకడమంటే ఏమిటో ఆలోచించండి. బాగున్నానని మందు మానేసి మళ్ళీ పడిపోయిన సందర్భాలూ ఉన్నాయి. ఈ జబ్బు ఉన్నవాళ్ళలో అలా ఒక్కసారైనా మానేసి చూడనివారు అరుదని డాక్టరే అన్నాడు, కాబట్టి దాని గురించి ఇక్కడ పురాణం విప్పను. అప్పటినుంచి మా అత్తగారు దేవుడికి దీపం పెట్టినంత నిష్ఠగా నాకు మాత్ర ఇచ్చేది. ఇచ్చి ఊరుకుంటే పరవాలేదు. నోరు తెరువు అనేది, నాలుక ఎత్తు అనేది, దొడ్లో గేదె పళ్ళు చూసినట్టు చూసేది. ఉద్యోగం చేసే ఆడదాన్ని, ఒక పిల్ల తల్లిని, నా నాలుక కింద వెతకడమేమిటని నేను మండిపడేదాన్ని. ఆమె తిరిగి మండిపడేది. పక్క క్వార్టరువాళ్ళకు మా మాత్ర వేళ గోడ గడియారం కంటే నమ్మకంగా తెలిసేది.

అయితే ఒక్క విషయంలో ఆమె వేరు. జబ్బు సంగతి బయటపడ్డాక నా కోపమంతా, నా సంతోషమంతా, నా అభిప్రాయాలన్నీ అందరి కంటికీ జబ్బైపోయాయి. ఆఫీసులో నాకు రావలసిన ప్రమోషన్ నా తరువాత చేరినవాడికి ఇచ్చి, అదేమిటని అడిగితే, మేడం మీరు మందులు టైముకు వేసుకుంటున్నారా అన్నారు. ఆ రోజు ఇంటికి వచ్చి టిఫిన్ డబ్బాను నేలకేసి కొట్టాను. మజ్జిగన్నం మెతుకులు గోడ దాకా ఎగిరాయి. మా వారు ముఖం పాలిపోయి డాక్టరుకు చేయడానికి ఫోను అందుకున్నారు. మా అత్తగారు పీట మీంచి కదలకుండానే, "ఫోను పెట్టీరా. అది జబ్బు కాదు, కోపం. ఆ డబ్బా ఇసిరిన సేత్తోనే తీసి కడుగుతాది, సూస్తుండు" అంది. తరువాత నా వైపు తిరిగి, "కోపం ఆళ్ళ మీద, డబ్బా నాది. పొగరు గాకపోతే ఏటిది?" అని నాకు చీవాట్లు పెట్టింది. నేను ఏడుస్తూ డబ్బా కడిగాను. ఏడుస్తున్నానే గానీ, ఆ పొగరు అన్న మాట నాకు ఎంత గౌరవంగా అనిపించిందో చెప్పలేను. జబ్బుమనిషికి పొగరు ఉండదు కదా, మనిషికే ఉంటుంది.

మరొకసారి దీనికి సరిగ్గా తలకిందులు. నేను ఎంతో శాంతంగా, అందరితో తియ్యగా మాట్లాడుతూ తిరుగుతున్నాను, ఇల్లు ప్రశాంతంగా ఉందని మా వారు మురిసిపోతున్నారు. రేపు డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళమని మా అత్తగారు కొడుకుకు చెప్పింది. ఎందుకమ్మా, బాగానే ఉంది కదా అంటే, "పులుసులో ఉప్పెక్కువేసినాను, ఏటీ అననేదు. పాలు పొంగీముందు గిన్నె సడి మారతాది రా, పక్కనున్నోళ్ళకి తెలుస్తాది" అంది. డాక్టరు పరీక్షించి మందు మోతాదు మార్చాడు. ఆ ఏడాది నేను పైకి లేవలేదు, కింద పడలేదు. దానికి ఆమెకు కృతజ్ఞత చెప్పడం మాని, కావాలని ఉప్పెక్కువ వేశావా అని పోట్లాడాను.

మా అమ్మాయి చదువు ముగించి ఉద్యోగంలో చేరాక సంబంధాలు చూడటం మొదలుపెట్టాం. అప్పుడు మా వారూ మా అన్నయ్యా కలిసి చేసిన ఏర్పాట్లు తలుచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వూ ఏడుపూ కలిసి వస్తాయి. మందుల డబ్బాను బీరువా మీద సూట్‌కేసు వెనక దాచారు. నువ్వు తక్కువ మాట్లాడు చెల్లే, ఎక్కువ నవ్వకు, అట్లని సప్పుడు చేయకుండా గిట్ల కూసోకు అని మా అన్నయ్య నాకు శిక్షణ ఇచ్చాడు. నా కూతురి పెళ్ళిచూపుల్లో నేను ఎంత నవ్వాలో మరొకరు కొలిచి ఇవ్వడం ఒళ్ళు మండించినా, పిల్ల బతుకు కదా అని పంటి బిగువున ఊరుకున్నాను. వచ్చినవాళ్ళు బోయిన్‌పల్లిలో స్థిరపడిన కుటుంబం, మంచివాళ్ళే. నేను కొలత ప్రకారం నవ్వుతుంటే పిల్లవాడి తల్లి మురిసిపోయి, వదిన ఎంత నిమ్మళమో అంది. అంతా సాఫీగా పోయేదే. కానీ నేను చాయ్ కప్పుల పళ్ళెం పట్టుకుని రాగానే కప్పులన్నీ గలగలమన్నాయి.

"వదినా, చేతులు వణుకుతున్నయేంది? జెర జ్వరం గిట్ల ఉన్నదా?" అందామె.

"బీపీ" అన్నాడు మా అన్నయ్య. అదే క్షణంలో "థైరాయిడ్" అన్నారు మా వారు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇంత కాలం నా మీద కాపలా కాసిన ఈ ఇద్దరు మగవాళ్ళు ఒక్క అబద్ధం కూడా కూడబలుక్కోలేదే అని నాకు తల బాదుకోవాలనిపించింది.

అప్పుడు కిటికీ పక్క కుర్చీలోంచి మా అత్తగారు గొంతు సవరించుకుంది. అప్పటికే మోకాళ్ళు పట్టేసి కర్ర లేనిదే లేవలేకపోయేది కానీ, గొంతు మాత్రం తగ్గలేదు. "బీపీ నేదు, తైరాయిడూ నేదు. మా కోడలికి మనసు జబ్బుంది. ఇరవయ్యేళ్ళ బట్టీ మందులేసుకుంటంది, ఆ మందుకే సేతులొణుకుతాయి. పిచ్చీ కాదు, గాలీ కాదు. ఉద్దోగం సేసింది, గుంటని సదివించింది, ఇప్పుడు నన్ను సాకతంది. అడిగినారు గాబట్టి సెప్తన్నాను."

పిల్లవాడి తండ్రి కప్పు కింద పెట్టి, ఎవరి వైపూ చూడకుండా, "మరి పిల్లకు సుత వస్తదా?" అని అడిగాడు. ఆ ప్రశ్న తప్పు కాదు. నేను ప్రతి పుట్టినరోజునాడూ పిల్లకు తలంటుపోస్తూ లోపల వేసుకున్న ప్రశ్నే అది. నేను నోరు తెరిచేలోపు మా అమ్మాయే జవాబు చెప్పింది. రావచ్చు, రాకపోవచ్చు అంకుల్, వస్తే ఏం చేయాలో మా ఇంట్లో తెలుసు అంది. వాళ్ళు మర్యాదగా చాయ్ తాగి, ఫోను చేస్తామని చెప్పి వెళ్ళిపోయారు. ఆ ఫోను రాలేదు.

మా అన్నయ్య ముసల్దాని నోరు ఇంటికి చేటు అని గొణుగుతూ వెళ్ళిపోయాడు. నేనైతే గొణగలేదు, గట్టిగానే అడిగాను. నా జబ్బు నాది, చెప్పాలో వద్దో నా నోటితో నేను చెప్పుకోవాలి, మధ్యన నువ్వెవరని అడిగాను. ఆ కోపం న్యాయమైనదేనని ఇప్పటికీ అనుకుంటాను. ఆమె కూడా తగ్గలేదు. "నువ్వు సెప్పవు, నాకు తెల్దేటి? రేపొద్దున్న ఆ గుంట అత్తోరింట్లో తల్లి గురించి రోజుకో అబద్దం ఆడుకుంటా బతకాలేటి?" అంది. ఆ మాట నిజమే కావడం నాకు మరింత కోపం తెప్పించింది. కొన్ని రోజులు ఆమె మాత్ర ఇవ్వడం, నేను నోరు తెరిచి నాలుక ఎత్తడం, రెండూ మాటల్లేకుండానే జరిగిపోయాయి.

ఏడాది తరువాత కుదిరిన సంబంధానికి మా అమ్మాయే ముందుగా అన్నీ చెప్పేసింది. ఆ పిల్లవాడి తల్లి ఫోనులో నాతోనే నేరుగా మాట్లాడి, మీకు పెళ్ళి హడావిడి పడుతుందా, ఏం జాగ్రత్తలు తీసుకోవాలి అని అడిగింది. ఇంత సులువా అని నాకు ఆశ్చర్యం వేసింది. కానీ పెళ్ళి ముందురోజు మా అత్తగారు చేసిన పనికి మాత్రం నేను ఆమెను ఎప్పటికీ క్షమించలేననుకున్నాను. చీకటి పడుతూనే ఫంక్షన్ హాలులో మెహందీ, డోలు, పాటలు మొదలయ్యాయి. నా చెల్లెళ్ళు, వదినలు, చిన్ననాటి స్నేహితురాళ్ళు అందరూ చేరారు. నా ఒక్కగానొక్క కూతురి చేతికి గోరింటాకు ఎక్కుతుంటే నాకు కాళ్ళు నేల మీద ఆనడం లేదు. సరిగ్గా అప్పుడు ఆమె కర్ర పొడుచుకుంటూ వచ్చి నా చెయ్యి పట్టుకుని, పద, పడుకుందువుగాని అంది. బతిమాలాను, కసిరాను, ఒక్క పాట అన్నాను. వినలేదు. గదిలోకి తీసుకెళ్ళి, మాత్ర వేయించి, గడియ పెట్టి, తలుపుకు అడ్డంగా బొంత పరుచుకుని తను పడుకుంది. తలుపు అవతల నా అక్కచెల్లెళ్ళ పాటలు, ఇవతల ఈమె గురక. అంత అవమానం, అంత ఉక్రోషం నేను జన్మలో పడలేదు. ఏడుస్తూ ఏడుస్తూ నిద్రపోయాను.

మర్నాడు మిగతా ఆడవాళ్ళంతా కళ్ళు వాచిపోయి తూలుతుంటే నేను స్నానం చేసి, పట్టుచీర కట్టుకుని స్థిరంగా నిలబడ్డాను. పిల్లను సాగనంపేదాకా నా మనసు నా చేతిలోనే ఉంది. నిద్ర చెడితే ఈ జబ్బు ఎలా తోక తొక్కిన పాములా లేస్తుందో నాకు తెలుసు కాబట్టి, ఆమె చేసిన పని విలువా తెలుసు. అయినా మెహందీ ఫోటోల్లో ఎక్కడా పెళ్ళికూతురి తల్లి లేదు. ఆ ఆల్బం తెరిస్తే ఇవాళ్టికీ నాకు ఒళ్ళు మండుతుంది. రెండూ నిజమే. ఈ జబ్బుతో బతకడమంటే ఇలాంటి రెండేసి నిజాలను ఒకే కొంగున ముడివేసుకుని తిరగడమే.

ఆమె పోయి కొన్నేళ్ళయింది. ఒక వానాకాలం మధ్యాహ్నం, పప్పు పొయ్యి మీద ఉడుకుతుండగా, నిద్రలోనే పోయింది. నేను గుండెలు బాదుకుని ఏడ్చాను. రోజులు గడిచినా ఏడుస్తూనే ఉన్నాను. వంటింట్లో మా వారూ, మా అన్నయ్యా, మా అమ్మాయీ గుసగుసలాడుకోవడం నాకు వినిపించింది. మోతాదు పెంచాలేమో, డాక్టరుకు చూపించాలేమో అంటున్నారు. వాళ్ళ తప్పు లేదు, నన్ను పోగొట్టుకుంటామేమోనని వాళ్ళ భయం. కానీ నాకు చెప్పలేనంత విసుగొచ్చింది. ఇది జబ్బు కాదు, ఏడుపు, ఏడవనీయండి అని చెప్పగలిగిన ఒకే ఒక్క మనిషి కోసమే కదా నేను ఏడుస్తున్నది! చివరికి ఆ మాట నేనే చెప్పాల్సి వచ్చింది. పాపం, మొదటిసారి నమ్మలేదు. రెండోసారి నమ్మినట్టు నటించారు. నెల తిరిగేసరికి నా ఏడుపు దానంతట అదే తగ్గి, నేను మళ్ళీ వంటింట్లోకి వచ్చాక నిజంగా నమ్మారు.

ఇప్పుడు కాలం చాలా మారింది, మంచికే మారింది. నిమ్మకాయలు కట్టేవాళ్ళు తగ్గారు, ఎర్రగడ్డ పేరు ఎత్తి నవ్వేవాళ్ళు తగ్గారు. మెట్రోలో నా ఎదురుగా కూర్చున్న కాలేజీ పిల్లలు, పొద్దున ఎండ సాయంత్రం వాన, వెదర్ కూడా బైపోలార్ అయిపోయిందే అని నవ్వుకుంటారు. మన రోజుల్లో నోటితో పలకడానికే భయపడిన పేరు వాన కబుర్లలోకి వచ్చేసిందని చిరాకు పడాలో, పోనీలే అని ఊరుకోవాలో తెలియక కిటికీలోంచి బయటికి చూస్తాను. మా వారు ఫోనులో నా జబ్బు గురించి వ్యాసాలు చదువుతారు. అల్లుడు వీడియోలు పంపుతాడు. బంధువుల ఇళ్ళకు వెళితే నాకు ముందుగా భోజనం పెట్టి, వేళకు పడుకోమని పక్క వేసి ఇస్తారు. నేను మాట తూలినా ఎవరూ పట్టించుకోరు, ఆమెది ఆరోగ్య సమస్య అని ఒకరికొకరు సర్దిచెప్పుకుంటారు. ఇంత అర్థం చేసుకునే మనుషుల మధ్య బతుకుతానని ఆ గోడ వైపు తిరిగి పడుకున్న రోజుల్లో నేను కలలో కూడా అనుకోలేదు. అందుకు నేను కృతజ్ఞురాలినే. కాకపోతే ఈమధ్య నేను కావాలని పులుసులో ఉప్పు ఎక్కువ వేసినా అందరూ బాగుందంటూ తినేస్తున్నారు. నాతో పోట్లాడేవాళ్ళు ఇంట్లో ఒక్కరూ లేరు.